ముక్కు దాకా

రాత్రి పదకొండు దాటినంక కుర్మయ్య వస్తడు
ఊట్కూరు లగ్గం నుంచి,
అంగీ నిండ సెంటు, ఊదు పొగ, బగారన్నం వాసన.
కెమెరా నా ఒళ్లో పెట్టి
బూట్లు కూడ ఇప్పకుండ మంచం మీద ఒరుగుతడు.
ఆయన పని అయిపోయింది.
నా పని ఇప్పుడు మొదలు.

వైరు ఒదులై రెండేండ్లాయె.
కొత్తది కొందామంటే సీజనైనంక అంటడు,
సీజనైనంక పైసల్లేవంటడు.
అందుకే బొటనవేలితో ఒత్తి పట్టుకుంట,
పాలమూరు పెద్దాసుపత్రిల
మా అమ్మ చేతి సూది ఊడకుండ
తెల్లారిందాక పట్టుకున్నట్టు.
చుక్క ఎనక చుక్క.
ఫోటో ఎనక ఫోటో.

నాలుగు వందల పన్నెండు.
ఇంక పదిహేడు నిమిషాలంటది కంప్యూటర్.
జరసేపటికి మూడంటది. మళ్ల రెండు గంటలంటది.
మక్తల్ బస్టాండ్ల కంట్రోలరే నయం,
ఒక్క అబద్ధం మీద నిలబడతడు.

నేను ఏ లగ్గానికీ పోలేదు.
అయినా ఈ చుట్టుపక్కల
ఎవరి నవ్వు ఏ పక్కకు ఒంగుతదో నాకెరుకే.
పీటల మీది పిల్లగాడు
ఇరవై ఫోటోల్ల ఇరవైసార్లు గడియారం చూసిండు.
మేనమామ తాగి ఉన్నడు,
కెమెరా ముందట మాత్రం బడిపిల్లగాని లెక్క
చేతులు కట్టుకున్నడు.
ఎవరో ముసలామె, ఎవరు పిలవకున్నా
పెండ్లిపిల్ల పక్కకొచ్చి నిలబడ్డది.
ఆల్బంల ఆమె ఉండదు, కుర్మయ్య తీసేస్తడు.
నేను తీసుకపోయి వేరే ఫోల్డర్ల దాస్త.
దానికి నేను పేరు పెట్టలే.
న్యూ ఫోల్డర్ అని అదే పెట్టుకున్నది.

మా మరిది అడుగుతడు,
కట్ కొడితే అయిపోయె గద వదినా,
కాపీ చేసుడు, మళ్ల చెరిపేసుడు, ఎందుకీ రెండు పనులు?
నేను చెప్పను.

అప్పుడు నాకు కంప్యూటర్ కొత్త.
మాగనూరు గోవిందమ్మ బిడ్డ తొట్టెల.
అన్ని ఒక్కసారే పట్టి కట్ కొట్టిన.
సగంల కరెంటు పోయింది.
మళ్ల వచ్చేసరికి
కార్డుల లేవు, కంప్యూటర్ల లేవు.
నడుమ ఏడ ఆగిపోయినయో,
వైరులనే ఉండిపోయినయేమోనని
పిచ్చిదాని లెక్క వైరు పట్టి దులిపి చూసిన.

ఒక్కటి దొరికింది.
నుదురు, దిష్టిచుక్క, కండ్లు, ముక్కు.
ముక్కు కింద అంతా బూడిదరంగు పలక.

ఇంకోనాడు వచ్చి తీసిస్త అన్నడు కుర్మయ్య,
పైసలు వాపసు ఇయ్యబోయిండు.
పదకొండు రోజులకు పొల్ల పోయింది.
జరమంట. డాక్టరు ఏదో పేరు చెప్పిండంట,
వాళ్లకు నోరు తిరగలేదు.

గోవిందమ్మ మా ఇంటికొచ్చిననాడు
తిడతదనుకున్న. తిట్టాలనుకున్న కూడ.
స్టూలు మీద కూసోని
తెర దిక్కు మస్తుసేపు చూసింది.
వేలితో ఆ బూడిద మీద
సన్నగ ఏదో గీసింది. గీత పడలే.
"సాలు" అన్నది.
"కింది సగం నాకు యాదికుంది."
లేస్తూ లేస్తూ,
"ప్రింటు తియ్యి. ఆ బూడిదరంగు మాత్రం కత్తిరియ్యకు."

మూడు వందల నలభై ఆరు.
బొటనవేలు తిమ్మిరెక్కింది.
నిద్రలకెళ్లి కుర్మయ్య, "అయిందా?"
"కాలే."
పొద్దుగాల ఆత్మకూరుల ఎవరివో దినాలు,
అప్పటికి కార్డు ఖాళీ కావాలె.
అయినా ఒక్కటొక్కటి తెరవకుండ నేను చెరపను.
ముక్కు కింద మూతి ఉన్నదా లేదా.
పెండ్లిపిల్లకు ఉన్నది.
మేనమామకు ఉన్నది.
పిలవని ముసలామెకు కూడ ఉన్నది,
పండ్లే లేవు గని.