ఈజా? ఆరా?

నయీంనగర్ల మెడికల్ షాపు మీద
స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు.
పుస్తకం నిండ జానే, మేరీయే.
ఆపిల్ తింటరు, లండన్ పోతరు.

సారు నా పేరు బోర్డు మీద రాసి
చాక్‌పీసు ఆపిండు.
"ఓదేలు... చివర్ల 'లు' ఉన్నది గద,
ఈజా? ఆరా?"
బెంచీలన్నీ నవ్వినయ్.

"ఒక్కణ్ణే సార్" అన్న.
ఓదేలు ఈజ్ ఎ బాయ్.
ఫుల్‌స్టాప్ గట్టిగ పొడిచిండు.

జమ్మికుంట ఆఖరి బస్సు
హసన్‌పర్తి దాటినంక యాదికొచ్చింది:
నాకంటె ముందు ఇద్దరు
పేరు పెట్టకముందే పోయిండ్రట.
మూడోపాలి అవ్వ
ఓదెల మల్లన్నకు మొక్కి
తాయెత్తు కట్టినట్టు
ఈ పేరు కట్టింది నాకు.

బస్సు గుంతలల్ల ఎగురుతాంటె
నోట్‌బుక్కుల ఈజ్ కొట్టేసి
వంకర టింకర ఆర్ రాసిన.

రేపు సారు
ఎర్రపెన్నుతోని సున్న చుడ్తడు.
చుట్టనీ.