సదరు

ముప్పై ఏండ్లుగా రాస్తున్నా
బనగానపల్లె రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల కింద, వంకరకాళ్ల బల్ల మీద.
"యేమనగా" తో ఎత్తుకుంటే
"సమ్మతిన వ్రాయించి యిచ్చిన కరారునామా" దాకా
ఊపిరి తీసుకోని ఒకే వాక్యం.
నడుమ చుక్క పెడితే ఫీజు తగ్గిస్తారని
మా నాయన నేర్పిన విద్య.

మద్దిలేటి మేస్త్రికి రాసిచ్చిన ముక్క ఇది:
"సదరు గృహనిర్మాణము యజమానికి తృప్తికరముగా
పూర్తియైన పిదప శేష రొక్కము చెల్లించబడును."
రాసినప్పుడు ఎంత అందంగా ఉండె!
మేస్త్రి వేలిముద్ర ఒత్తి
బొటనవేలి మసి తలకు తుడుచుకొని పాయె.

ఇల్లు లేసింది.
బేతంచెర్ల బండ పరిస్తే, పోసిన నీళ్లు
దావ అడక్కుండా తూము దిక్కుకు పాయె.
అయినా విత్తనాలంగడి కేశన్నకు తృప్తి కాలే.
ఒక నెల సజ్జ వంక,
ఒక నెల మెట్ల వంక,
మూడో నెల ఏ వంకా దొరక్క
గోడ దిక్కు చూసి ఉత్తగనే తల అడ్డంగా ఊపె.
నలభై వేలు
ఆ ఒక్క మాట కింద ఇరుక్కుపాయె,
బండ కింద నలిగిన వేలు మాదిరి.

మేస్త్రి పెండ్లాం సుంకులమ్మ వచ్చింది.
సున్నం తిన్న చేతుల్తో కాగితం పరిచి
"సామీ, చదువు" అనె.
చదివినా.
"ఇప్పుడు చెప్పు."
చెప్పబోయి సగంలో ఆగిపోయినా.
"ఈ సదరు ఎవరు?
మా పనికి వచ్చినోళ్లల్లో ఆ పేరుగలోడు లేడే."
నేను నవ్వినా. ఆమె నవ్వలే.

రెండో ఇంటి కరారుకు ఆమే పట్టుబట్టింది:
"నా చెవికి అర్థమయ్యేటట్ల రాయి."
అదెంత పని అనుకుంటి.
"పునాది నడుంలోతు" అని రాస్తి.
"ఎవురి నడుము?" అనె లారీల ఉరుకుందు.
ఆయప్ప ఆరడుగులు,
మద్దిలేటి ఆయప్ప చంకకిందికి వస్తాడు.
అప్పుడు తెలిసె, మాట తేటగుంటే సాలదు,
దానికి కొలత గుడక ఉండాలని.
ఇనుప చువ్వ ఒకటి కోయించి బల్ల మీద పెట్టినాం.
ఈ చువ్వ మునగాల.
నల్లరేగడి తగిల్తే గరుసు తేలేదాకా తవ్వాల,
పైన తవ్విన ప్రతి అడుగుకూ లెక్క వేరే.

వాన దినాలు గడువులో పట్టరాదు.
వాన అంటే? తుంపరా, జల్లా?
సిమెంటు మూటల మీద పట్ట కప్పాల్సొస్తే వాన.

పూర్తి అంటే?
దీని కాడ పొద్దు గుంకె.
మూడుసార్లు టీ వచ్చె, ఒకసారి ఉరుకుందు లేచి పాయె,
మళ్లా వచ్చె.
"తలుపు ఒంటిచేత్తో మూతపడాల" అనె సుంకులమ్మ,
"కొళాయి తిప్పితే నీళ్లు రావాల,
మిద్దె మీద రెండు దినాలు నీళ్లు నిలబెట్టినా
కింద చెమ్మ రాకూడదు.
అంతే పూర్తి. నచ్చినా, నచ్చకపోయినా."

నచ్చినా నచ్చకపోయినా.
ఆ మాట రాసేటప్పుడు నా చెయ్యి తడబడె.

ఉరుకుందు మళ్లా చదివించుకున్యాడు.
"అంటే, నేను ఇసుక తోలకపోతే
ఖాళీగా కూచున్న కూలి నేనే ఇయ్యాల్నా?"
"అవు."
"నా గోడౌను కరారులో ఇది ఉండ్లేదే!"
"ఉండె. నాలుగో పుటలో.
నీకు తెలీకుండా ఉండె."

ఒకటిన్నర పుట వచ్చింది. ఫీజు సగమే ఇచ్చిరి.
మా నాయన చెప్పింది అబద్ధం కాదు.
చదువు రాని సుంకులమ్మ
చువ్వ మునగాల, పట్ట కప్పితే వాన, అనుకుంటా
బస్టాండు దాకా ఒప్పజెప్పుకుంటా పాయె.

కేశన్న నలభై వేలు ఇంకా రాలే.
ఆ పాత కాగితం నకలు నా సొరుగులోనే ఉంది,
కింద, చిట్టచివర, లేఖరి అన్న మాట పక్కన
నా సంతకం.
సుంకులమ్మ వెతికిన మనిషి
అక్కడున్నాడు.