తుప్పు రంగులు

షార్జాలో, సజా యార్డులో
పగలంతా నేను నలగ్గొట్టేది నిజం కార్లని.
రాత్రి, క్యాంపు పై మంచం మీద
అరచేయంత గూడ్సు డబ్బాకి
తుక్కు తయారుచేస్తాను.
పెప్సీ టిన్ను పేలికలు, తెగిన తీగ,
ముత్తెన్న పారేసిన బ్లేడు ముక్కలు.
జిగురు మీద సులేమానీ పిప్పి చల్లితే
ఆరేసరికి తుప్పు.

"ఒక్కటే రంగు పూసినవేంది?" అన్నాడు ముత్తెన్న,
ఇరవయ్యేళ్ళుగా ఇనుము కోస్తున్నవాడు.
"వాన సూసిన రేకు వేరే,
దర్యా గాలి తిన్నది వేరే.
కోసిన కాడ ఇంకా మెరవాలె."

నిజమే. అంతా ఊడబీకాను.

ఈసారి అట్టడుగున, ఎవరికీ కనబడని చోట
గోరంత తెల్ల తలుపు అతికించాను,
మొన్న క్రేన్ ఎత్తిన టాక్సీది.
దాని సీటు కింద దొరికిన
చంటిపిల్ల చెప్పు మాత్రం
ఏ స్కేలుకీ దిగలేదు.