నీటి సెంటీమీటర్లు

కవరు మీద నంబరు నూట పద్నాలుగు.
దీపానికి ఎత్తిపట్టినా లోపలి అక్షరం కనబడని
మందపాటి కాగితం. అలాగే ఉండాలని నియమం.
లోపల ఉండేది రెండు మాటల్లో ఒకటి:
ఎక్కువ, లేదా తక్కువ.

బయట ప్యూర్తో మోంత్ రేవు మీద వాన
మూడోరోజూ అడ్డంగానే పడుతోంది.
ఏడో బెడ్ మీద బెలార్మినో వెంచూర్.
నలభై ఏళ్ళు పసుప్పచ్చ గొట్టాన్ని పళ్ళతో కరిచిపట్టి
పడవలో కంప్రెసరు పంపిన గాలి పీలుస్తూ
పన్నెండు బారల లోతున, చలిలో, చీకట్లో
ఆల్చిప్పలు ఏరినవాడు.
ఇప్పుడూ నోట్లో గొట్టమే.
ఇప్పుడూ గాలి పైనుంచి ఎవరో పంపాల్సిందే.

ఇన్నేళ్ళూ ఆ పైకొసన కూర్చున్నది ఎదెల్మీరా.
అనుమతి పత్రం ఆమెకు చదివి వినిపించాను.
ఊపిరి వదిలేశాక కూడా తిత్తి పూర్తిగా ముడుచుకుపోకుండా
లోపల కాస్త ఒత్తిడి నిలిపి ఉంచుతాం, అన్నాను.
తడి ప్లాస్టిక్ సంచి గోడలు అతుక్కుపోతే
మళ్ళీ విడదీయడం ఎంత కష్టమో, అలా.
ఎంత నిలపాలన్నదే ప్రశ్న.
ఎక్కువైతే బాగున్న చోటు సాగి చిరగొచ్చు.
తక్కువైతే మూసుకున్న చోటు తెరుచుకోకపోవచ్చు.

"ఎక్కువంటే ఎంత?"
పదిహేను సెంటీమీటర్ల నీరు.
"తక్కువంటే?"
ఐదు.

ఆమె తన అరచేతిని తిప్పి, మణికట్టు నుంచి వేలికొస దాకా చూసుకుంది.
"చీలమండ దాటి పైకి రాదు," అంది.
"పన్నెండు బారల నీళ్ళు మోసిన మనిషి.
జానెడు కూడా లేని నీళ్ళ దగ్గర మీకు తెలీదంటారా?"

తెలీదు, అన్నాను.
పదకొండేళ్ళుగా ఆ వార్డులో తెలిసినట్టే తిరిగాను.
ఒక డాక్టరు పన్నెండంటే పన్నెండు పెట్టాను,
ఇంకొకరు ఎనిమిదంటే ఎనిమిది.
ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆమె సగం పేరు రాసి పెన్ను ఆపింది.
"చీటీలో ఏదొస్తే అదేనా? మధ్యలో మార్చరా?"
ఆయన ప్రాణానికి అవసరమైతే మారుస్తాం. ఊరికే మార్చం.
మిగతా సగం రాసింది.

ఎక్కువ.
మీట తిప్పాను. తెరమీద గీత
అడుగును వదిలి లేచి పదిహేను దగ్గర నిలబడింది.
రెండు రోజులు పెదాలకు రంగు వచ్చింది.
మూడోరోజు ఎదెల్మీరా ఆయన గోళ్ళు కత్తిరించింది,
ఇంటికి తీసుకెళ్ళేముందు చేసినట్టు.
తొమ్మిదో రోజు తెల్లవారుజామున
పట్టికలో రెండు గళ్ళు నింపాను: తేదీ, గంట.

రెండేళ్ళ తర్వాత ఫలితం వచ్చింది.
ఇరవై మూడు ఆసుపత్రులు, తొమ్మిది వందల పైచిలుకు మనుషులు.
రెండు గుంపుల గీతలూ పక్కపక్కనే దిగాయి,
ఒకే మెట్లమీద దిగే కవలల్లా.
ఎక్కువే గెలవాలని నాకుండేది.
కవరు చింపిన ప్రతిసారీ ఉండేది. ఎవరికీ చెప్పలేదు.

కరెల్మాపు బస్సెక్కి వెళ్ళాను.
ఆమె కంప్రెసరును మేనల్లుడికి అమ్మేసింది.
గొట్టం మాత్రం చుట్టలు చుట్టి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది.
"ఐదు వచ్చి ఉంటే?"
గుంపు మొత్తం చూస్తే తేడా లేదట, అన్నాను.

ఎదెల్మీరా ఊపిరి పీల్చుకుంది.
రెండేళ్ళుగా రాత్రుళ్ళు ఆ కవరును మళ్ళీ అతికించి
మళ్ళీ చింపుతూ ఉన్నదట.
ప్రతిసారీ 'తక్కువ' వచ్చేదట.

అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు.
తేడా లేదని కాదు, మా వలకు చిక్కలేదని చెప్పాను.
ఇది తొమ్మిది వందల మంది సంగతి,
ఏడో బెడ్ ఒక్కదాని సంగతి ఎవరూ చెప్పలేరని చెప్పాను.
ఆమె మాతె గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి నావైపు జరిపింది.
"అది నీ లెక్క. నీ దగ్గరే ఉంచుకో," అంది.

సోమవారం రాత్రి మూడో బెడ్‌కు కొత్త మనిషి వచ్చాడు.
పది పెట్టాను.
పదే ఎందుకని కొత్త నర్సు అడిగింది.
తెలీదు, అన్నాను.
ఈసారి వెంటనే.