గోడవైపు చక్రం

టాడ్మోర్డెన్‌లో వాన ఆగదు, సన్నబడుతుందంతే.
అలా సన్నబడిన ఒక ఆదివారం
అరవై మూడు నాటి మోరిస్ మైనర్‌ని
షెడ్డులోంచి సగం బయటికి తోశాను,
ముక్కు వానలో, వెనక భాగం చీకట్లో.

ఊరందరిదీ ఒక దారి, ఈ ఉలిపికట్టెది ఒక దారి.
రోడ్డు తిన్నగా పోతుంటే ఇది ఎడమకి,
కాలవ వైపుకి, దాహమేసిన దూడలా.
నలభై మైళ్ళు దాటగానే స్టీరింగుకి చలిజ్వరం.
రాళ్ళు పరిచిన సందులో దిగుతుంటే
ముందు ఎక్కడో టక్, టక్,
అప్పులవాడు తలుపు కొట్టినట్టు, మర్యాదగా.

గాలి చూశాను. సమానం.
చక్రాలు అటువి ఇటు మార్చాను. జబ్బు మారలేదు.
టైరుని అరచేత్తో తడిమాను:
లోపలి అంచు నున్నగా, బయటి అంచు ఇంకా గరుగ్గా,
ఎప్పుడూ ఒకే పక్కకి తిరిగి పడుకునే మనిషి పరుపులా.

జాకీ ఎత్తి, గడియారంలో పన్నెండు దగ్గర ఒక చెయ్యి,
ఆరు దగ్గర ఒక చెయ్యి వేసి ఊపాను.
ఊగింది. గోరంత.
ఆ గోరంతే నలభై మైళ్ళ దగ్గర కొండంత.

చిక్కు ఎక్కడంటే,
బేరింగ్ వదులైనా ఇలాగే ఊగుతుంది,
కింది ట్రనియన్ మరలు అరిగినా ఇలాగే.
తేలాలంటే బ్రేకు తొక్కి పట్టి ఊపాలి.
ఊపు ఆగిందా, బేరింగ్. ఆగలేదా, రెండోది.
నా రెండు చేతులూ చక్రం మీద.
కాలు మాత్రం ఇంకొకరిది కావాలి.

పక్కింటి డోరీన్‌ని పిలిచాను.
మొన్న మార్చిలో ఈ కారు కొన్నది ఆవిడ దగ్గరే.
ఎనభై రెండేళ్ళు, చేతికర్ర, ఎర్ర గమ్‌బూట్లు.
సీట్లో కూర్చుని, అలవాటుగా తాళం తిప్పి,
అద్దం తనకి సరిచేసుకుంది,
ఎక్కడికీ పోవడం లేదండీ అంటున్నా.
"తొక్కనా?"
"తొక్కండి."
ఊపాను. ఆగలేదు.
"వదలనా?"
"ఉండండి, ఇంకొక్కసారి."
ఆగలేదు.

కింద పడుకుని టార్చి వేశాను.
కుడివైపు గ్రీజు నిపిల్ నల్లగా, కడుపునిండిన గేదెలా నిగనిగ.
ఎడమది తుప్పులో పూడిపోయి ఉంది,
గ్రీజు అన్న మాటే చెవిన పడనట్టు.
"ఇటుపక్క ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదు"
అన్నాను, కిందినుంచే.

జవాబు రాలేదు.
షెడ్డు వెనక గోడ మీద బ్రేకు లైటు
ఎర్రగా వెలుగుతూనే ఉంది.

తర్వాత అంది:
"చివరి నాలుగేళ్ళు విల్ఫ్‌కి మోకాళ్ళు వంగలేదు.
గ్రీజు గన్ను నేనే పట్టేదాన్ని.
ఆయన కుర్చీలోంచి చెప్పేవాడు, ఎన్ని పోట్లు పొడవాలో.
ఎడమ పక్క గోడకి ఆనించి పెట్టేవాళ్ళం కారు.
అటూ ఒకటి ఉందని ఆయన చెప్పలేదు.
నేనూ అడగలేదు."

పార్సిలు వచ్చేదాకా ఎనిమిది రోజులు
గోడ మీంచి తొంగిచూసి వెళ్ళేది.
పాత పిన్ను విప్పి చేతిలో పెడితే
మరల మీద బొటనవేలు నడిపింది.
మరలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.
"లీడ్స్ ఆసుపత్రికి ఆయన్ని దీన్లోనే తీసుకెళ్ళేదాన్ని.
ఆ వణుకు
నా చేతులదనుకున్నాను" అంది.

ఇంకొన్ని మైళ్ళయితే
చక్రం మడుచుకుని పోయేదని నేను చెప్పలేదు.
పిన్ను మాత్రం తిరిగివ్వలేదు, కోటు జేబులో వేసుకుంది.

ఇప్పుడు కాలవ కాలవ దారిన, బండి బండి దారిన.
గ్రీజు గన్ను డోరీన్‌దే.
తిరగేసిన బకెట్టు మీద కూర్చుని
ఎడమ నుంచే మొదలుపెడుతుంది,
పైకి లెక్కపెడుతూ పొడుస్తుంది
కొత్త గ్రీజు అంచున పొంగేదాకా.

యాభై దాటితే డాష్‌బోర్డు వెనక
ఏదో గిలక కొడుతోంది, సన్నగా.
అది వచ్చే ఆదివారం సంగతి.