రెండు చొక్కాలు

హోసియా పెంగెల్లీని పోలీసు పెద్దని చేసిన రోజు
ఈ ఊరికి రెండు వీధులు, పదకొండు సారా దుకాణాలు,
ఒక్క పియానో. అదీ సగం పళ్ళూడింది.
జైలు లేదు. బంగాళాదుంపల కొట్టుకి తాళం వేసి
దాన్నే జైలన్నారు.
తెల్లారి బయటికొచ్చిన తాగుబోతుల జేబుల్లో
మొలకలొచ్చిన దుంపలు దొరికేవట.

బిళ్ళ కూడా లేదు.
పీచుపళ్ళ డబ్బా మూతని నక్షత్రంలా కత్తిరించి
టామ్సిన్ కోటుకి కుట్టింది.
దగ్గరికి తీసుకున్నప్పుడల్లా
ఆమెకే గీసుకునేది.

అంతకుముందు అతను జోళ్ళు కుట్టేవాడు.
ఆ పనే ఈ పనికి పనికొచ్చింది.
గుర్రపు దొంగ నడిచిన బురదలో వంగి
అడుగు ముద్రని వేలితో తడిమి
"ఎడమ మడమ లోపలికి అరిగింది. మూడు మేకులు నావి,
నాలుగోది వాడే కొట్టుకున్నాడు" అని లేచి
నేరుగా వాడు భోంచేస్తున్న బల్ల దగ్గరికి వెళ్ళేవాడు.
తుపాకీ తీసింది మొత్తం నాలుగుసార్లు.
అందులో రెండుసార్లు కుక్కల మీద.

తన బూట్లు మాత్రం కిర్రుమనేవి.
బాగుచేసుకోవేం అంటే
"వస్తున్నానని తెలిస్తే సగం గొడవలు అవే సర్దుకుంటాయి" అనేవాడు.
నిజమే, ఆ కిర్రు వినబడితే
కత్తులు బల్లల కిందికి పోయేవి,
దాచిన పేకముక్క చేతిలోకి తిరిగొచ్చేది.

నేను స్టేషన్ నేలమాళిగలో దస్తరాలు దులిపే గుమాస్తాని.
అతని రాత నాకు అలవాటైంది.
పెద్ద అక్షరాలు, ధీమాగా తప్పులు.
"విధవరాలు ట్రెనరీ పంది చర్చిలో దూరింది.
జుల్మానా ఒక డాలరు. పంది పశ్చాత్తాపపడలేదు."
"చలికి ఒకడు పోయాడు. పేరు తెలీదు.
బూట్లు కొత్తవి. నేను కుట్టినవి కావు."

పద్దెనిమిదివందల ఎనభయ్యారు, ఫిబ్రవరిలో
ఒక పేజీ నిండా ఇంతే:
"మంచు. కుక్కలు రెండు. జుల్మానా లేదు."

ఆ రాత్రే
నది ఒడ్డున చైనావాళ్ళ వీధిని కాగడాలతో ఖాళీ చేయించారు.
పెట్టెలు, ఇస్త్రీపెట్టెలు, నిద్ర తీరని ఒక పసివాడు,
అన్నీ పడవలోకి.
లమ్ సూయ్ చాకలికొట్టు తలుపు
గొడ్డలికి మూడు దెబ్బల దాకా ఓర్చింది.
బూట్ల కిర్రుచప్పుడు వంతెన దాకా వెళ్ళి ఆగిందనీ
చాలాసేపు ఆగే ఉందనీ
మళ్ళీ ఇంటికే వచ్చిందనీ
టామ్సిన్ చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఉంది,
పొయ్యి పొగ గురించీ తన దగ్గు గురించీ
రాసిన వాక్యాల మధ్య.

తెల్లారి, రేవు దాకా మంచులో అడుగులు.
చదవకూడదనుకున్నా చదివే ఉంటాడు.
మేయరు మడమ. రొట్టెలవాడి వెడల్పు పాదం.
చర్చిగంట కొట్టే కుర్రాడిది,
పోయిన వారమే అరువు మీద అట్ట వేయించుకున్నది.
నూట నలభై జతలు.
ప్రతి మేకూ తనదే.
మధ్యాహ్నం ఎండొచ్చి
సాక్ష్యాన్నంతా నదిలోకి వదిలేసింది.

తర్వాత ఇంకో పదమూడేళ్ళు చేశాడు.
ఇటుకల జైలు వచ్చింది, వెండి బిళ్ళ వచ్చింది,
పోయాక ఒక వీధికి అతని పేరు వచ్చింది.
రోజూ ఆ వీధిలోనే నేను బస్సెక్కుతాను.
మంచివాడంటారు. నేనూ అంటాను.
అనేటప్పుడు మాత్రం
పెదాల మధ్య జోళ్ళమేకులు కరుచుకుని
మాట్లాడుతున్నట్టుంటుంది.

ఆ పేజీలో ఒక ఎర్ర చీటీ ఉంది, అంచు చింపినది.
దాని మీద చైనా అక్షరాలు.
ఇన్నేళ్ళూ ఎవరూ చదివించుకోలేదు.
మొన్న మందుల షాపులో ఫాంగ్ గారు
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చదివి
కొంచెం నవ్వింది.
"పాపం, గిరాకీల పేర్లు నోరు తిరక్క
ఆనవాళ్ళు రాసుకునేవాళ్ళు.
రెండు చొక్కాలు. గంజి వద్దు.
బూట్లు కిర్రుమనే మనిషి."

వెనక్కి తిప్పి చూశాను.
తీసుకున్నట్టు గుర్తేమీ లేదు.