మూడో శనివారం చాకిరేవు

బీచ్‌వర్త్‌లో జూలై అంటే వేళ్లు కొంకర్లు పోయే చలి.
డల్‌గార్నో వారింటి పెరట్లో రాగి బాన కింద
ఎనిడ్ ట్రెవాస్కిస్ మంట ఎగదోస్తోంది.
ఆమెకి డెబ్భై ఎనిమిది, నాకు యాభై ఒకటి,
ఇద్దరికీ తెల్ల ఏప్రన్లు, తలమీద గుడ్డ టోపీలు.
గేటుకి కట్టిన అట్టమీద:
"నూట నలభై ఏళ్లనాటి ఉతుకుల రోజు.
పెద్దలకు పన్నెండు డాలర్లు, పిల్లలకు ఉచితం.
చేతులు తడుస్తాయి."

ఇంటిలోపల వెల్వెట్ తాడుకి అటువైపు
ఎవరూ వాయించని పియానో,
ఎవరూ కూచోకూడని కుర్చీలు,
నూనెరంగుల్లో యజమాని మీసాలు,
పళ్లెంలో మైనపు బేరిపళ్లు.
పెరట్లో మాత్రం అన్నీ ముట్టుకోవచ్చు.
అందుకే పిల్లలంతా ఇక్కడే.

"పాతకాలపు ఉతుకు గురించి మీకేమైనా తెలుసా?"
అని కమిటీ వాళ్లు అడిగినప్పుడు
నవ్వొచ్చింది, మింగేశాను.
వారమంతా ఈ ఊరి నీళ్లకి పరీక్షలు చేసేదాన్ని,
నా సంతకం పడ్డాకే ఇక్కడ కుళాయిలు తిరుగుతాయి.
తెలుసు అన్నాను. అంతవరకే అన్నాను.

తెలుసంటే,
ఉబ్బ ఎప్పుడు దించాలో ఆవిరి వాసన చెబుతుంది.
చవుడు ఎక్కువైతే చేతులు పగిలి
రాత్రి పచ్చడన్నం కలుపుకుంటే భగ్గుమంటాయి.
నీలిమందు చిటికెడే. చెయ్యి జారిందా, పంచె ఆకాశమైపోతుంది,
ఆ పూట కరణంగారి అరుగు కింద నిలబడి తిట్లు తినాలి.
బండమీద దెబ్బకి ముందు ఊపిరి వదిలెయ్యాలి.
ఇది మా అమ్మ లచ్చుమమ్మ నేర్పింది
ఏలేరు కాలవ ఒడ్డున, మోకాల్లోతు నీళ్లలో, "హుస్" అంటూ.

ఇక్కడా అదే నేర్పాను.
పదకొండుమంది పిల్లలు హుస్ హుస్‌మని రుమాళ్లు బాదారు.
ఆల్ఫీ అనే బుడ్డోడు "మళ్లీ చెయ్యనా?" అంటూ
వరస చివరికి పరిగెత్తాడు.
చాకిరేవుకి వరస!
తల్లులు ఫోటోలు తీశారు, చప్పట్లు కొట్టారు.
ఈ పనికి ఇన్నేళ్లూ నేను విన్నది
బండ చప్పుడొక్కటే.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక
మేడమీద గాజుపెట్టెలో కొత్తగా పెట్టినవి చూద్దువు రమ్మంది ఎనిడ్.
నారగుడ్డ దిండు గలీబు, అంచులు పచ్చబడ్డాయి.
లోపలి మడతలో ఎర్రదారంతో మూడు అడ్డగీతలు, ఒక తోక.
కింద కార్డు: "అలంకారపు కుట్టు.
శ్రీమతి డల్‌గార్నో చేతిపని కావచ్చు."

అలంకారం కాదు ఎనిడ్, అన్నాను.
అందం కోసమైతే మడతలో దాచి కుడతారా?
గుర్తు ఇది.
మా అమ్మకి ఒక్క అక్షరం రాదు.
నల్లజీడి చుక్కలు చూసి
ఏ పంచె ఏ గడపదో, ఏ చీర ఏ కోడలిదో
నూరిళ్ల మూట విప్పి పంచేది, ఒక్కటీ తారుమారు కాకుండా.
ఇక్కడా ఒకామె ఉండుంటుంది.
ఈ ఇంటిని మూడు గీతలు, ఒక తోకగా రాసుకుంది.
ఆవిడ లిపిలో మీ దొరగారి పేరు ఇదీ.

ఎనిడ్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.
పాత లెక్కల పుస్తకం తీసింది. వేలు కిందికి, కిందికి.
బొగ్గులకు ఇంత. గుర్రం లాడానికి ఇంత.
ఉతుకుకి రెండు షిల్లింగులు.
గుర్రానికి పేరుంది, బెస్.
"నీకెలా తెలుసు ఇదంతా?"
మేం చాకలివాళ్లం, అన్నాను.
ఆ మాట ఈ దేశంలో నా నోట రావడం అదే మొదటిసారి,
తెలుగులోనే వచ్చింది. అర్థం అడగలేదు ఆమె.
కార్డుమీద "అలంకారపు" అన్నచోట
పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.
కమిటీ కూడేది సెప్టెంబరులో.

కిందికొచ్చేసరికి మంట ఆరిపోతోంది.
ఆల్ఫీ దండెం కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు
తన రుమాలు ఏదో తెలీక.
పదకొండూ ఒకే తెలుపు, ఒకే కొలత.
గుర్తు పెట్టడం నేనే మర్చిపోయాను.